టర్బోనా సూపర్‌చార్జరా? స్పోర్ట్స్ కార్ ఇంజిన్‌కి బూస్ట్ ఎక్కించే ముందు, ఎక్కించేటప్పుడు

టర్బో, సూపర్‌చార్జర్ రెండూ ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసే మిషన్లు. టర్బో పెట్టాలా సూపర్‌చార్జర్ పెట్టాలా అని అడిగేవాళ్ళు దాదాపు అందరూ ఆ వెంటనే అడిగేది "దేంతో పవర్ ఎక్కువొస్తుంది" అని. దానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తా, టర్బోతోనే. కానీ ఆ జవాబు వల్ల మీకు వీసమెత్తు ఉపయోగం లేదు, ఎందుకంటే మీ ఇంజిన్ తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ గాలి రెండూ తోసేయగలవు, ముందు చేతులెత్తేసేది పిస్టన్లో కనెక్టింగ్ రాడ్లో అవుద్ది గానీ టర్బో కాదు. అందుకని మీరు చూస్కోవాల్సింది వేరే ఉంది. కారుని ఎక్కువసేపు ఎన్ని ఆర్పీఎం దగ్గర నడుపుతారు, అక్కడ పెడల్ తొక్కితే పికప్ ఎలా రావాలి, బానెట్ కింద పుట్టే వేడిని ఎటు పంపగలరు. ఈ మూడింటికి జవాబు దొరికితే ఏది పెట్టాలో దానంతట అదే తేలిపోద్ది.

ముందు గాలి లెక్క

పిండి కొద్దీ రొట్టె అంటారు కదా, ఇంజిన్‌కి పిండి అంటే గాలి. పెట్రోల్ ఎంతైనా పోయొచ్చు, పెద్ద ఇంజెక్టర్ పెడితే సరి, కానీ దాన్ని కాల్చడానికి గాలి కావాలి, అది మామూలు ఇంజిన్‌లోకి వాతావరణ పీడనం ఎంత తోస్తే అంతే వెళ్తుంది, సముద్రమట్టం దగ్గర 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). దాని మీద మీరు ఇంకో 7 పీఎస్ఐ ఎక్కిస్తే (ఈ అదనపు ఒత్తిడే బూస్ట్) మొత్తం 21.7, అంటే దాదాపు 1.48 రెట్లు. 150 హార్స్‌పవర్ ఇంజిన్ లెక్కలో 221 అవ్వాలి. అవ్వదు. గాలిని నొక్కితే వేడెక్కుద్ది, వేడి గాలి పల్చగా ఉంటుంది, పైగా నొక్కే మిషన్ కూడా కొంత తింటది. చేతికొచ్చేది 195, 205 ఆ మధ్యలో అనుకోండి. కిట్ డబ్బా మీద రాసిన అంకె చూసి మోసపోవద్దు.

ఆ వేడి ఎంతో కూడా చెప్తా, ఎందుకంటే మొత్తం కథంతా దీని చుట్టూనే తిరుగుద్ది. బయట 25 డిగ్రీల గాలిని 70 శాతం ఎఫిషియెన్సీ ఉన్న కంప్రెసర్‌తో 7 పీఎస్ఐకి నొక్కితే అది 75 డిగ్రీలు దాటిపోద్ది. అదే 14.7 పీఎస్ఐకి, అంటే పీడనం సరిగ్గా రెట్టింపు అయ్యేలా నొక్కితే దాదాపు 118. పాత రకం రూట్స్ బ్లోయర్‌తో (సూపర్‌చార్జర్‌లో ఒక రకం) అయితే ఎఫిషియెన్సీ ఇంకా తక్కువ, ఇంకా వేడి. సైకిల్ పంపుతో గాలి కొట్టినప్పుడు గొట్టం అడుగున చెయ్యి పెడితే చుర్రుమంటుంది చూశారా, అదే ఇది. ఈ వేడి గాలి సిలిండర్‌లోకి వెళ్తే ప్లగ్ అంటించిన మంట ఇంకా పాకుతుండగానే మూలల్లో మిశ్రమం దానంతట అదే పేలుద్ది, దాన్నే నాకింగ్ అంటాం. నాకింగ్ ఒక్క నిమిషం గట్టిగా జరిగితే చాలు, పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే గట్టు విరిగిపోద్ది, తర్వాత ఇంజిన్ బోర్‌కొచ్చినట్టే.

రెండిటికీ తేడా ఎక్కడ

రెండూ చేసేది ఒకే పని, కొలిమి తిత్తి పని. తిత్తిని ఊపేది ఎవరు అన్నదే తేడా. సూపర్‌చార్జర్‌ని క్రాంక్ పుల్లీ నుంచి బెల్ట్ తిప్పుద్ది, ఇంజిన్ తిరిగితే అదీ తిరుగుద్ది, ఎదురుచూపు లేదు. టర్బోని ఎలాగూ సైలెన్సర్ లోంచి పోయే వేడి పొగ తిప్పుద్ది, ఒక పక్క టర్బైన్ చక్రం, ఇంకో పక్క కంప్రెసర్ చక్రం, మధ్యలో ఒకే షాఫ్ట్, నిమిషానికి లక్ష నుంచి రెండు లక్షల చుట్లు. వృథాగా పోయే శక్తితో నడుస్తుంది కాబట్టి టర్బో ఫ్రీ అంటారు, పూర్తిగా ఫ్రీ ఏం కాదు, పొగ దారిలో అడ్డం పెట్టినట్టే కదా, వెనక ఒత్తిడి పెరుగుద్ది, అయినా బెల్ట్‌తో పోలిస్తే చాలా తక్కువ ఖర్చు. బెల్ట్ ఖర్చు ఎంతుంటుందో తెలియాలంటే 2015 మోడల్ డాడ్జ్ హెల్‌క్యాట్ చూడండి, 6.2 లీటర్ల వీ8, 707 హార్స్‌పవర్, దాని మీదున్న సూపర్‌చార్జర్‌ని ఫుల్ స్పీడ్‌లో తిప్పడానికే దాదాపు 80 హార్స్‌పవర్ పోద్ది. ఒక చిన్న కారు ఇంజిన్ మొత్తం దానికే సరిపోయింది.

ఇవేం కొత్త ఆలోచనలు కావు. రూట్స్ అన్నదమ్ములు 1860లోనే ఆ బ్లోయర్‌కి పేటెంట్ తీసుకున్నారు, అప్పటికి కారే లేదు. టర్బోకి స్విస్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంట్ తీస్తే, అది రోడ్డు మీద మామూలుగా కొనుక్కునే కార్లలోకి వచ్చేసరికి 1962 అయ్యింది, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వేర్. ఆ జెట్‌ఫైర్‌లో నాకింగ్ ఆపడానికి మిథనాల్, నీళ్ళు కలిపిన ద్రవాన్ని గాలిలోకి చిమ్మేవాళ్ళు, దానికి వేరే ట్యాంకు, ఓనర్లు అది నింపడం మర్చిపోయేవాళ్ళు. అరవై ఏళ్ళు దాటినా మనం కొట్టుకునేది ఇంకా ఆ నాకింగ్‌తోనే.

టర్బోకి ఉన్న అసలు జబ్బు ల్యాగ్. మీరు పెడల్ తొక్కాక పొగ పెరగాలి, చక్రం వేగం అందుకోవాలి, అప్పుడు గాలి వస్తుంది. 1975 నాటి పోర్షే 911 టర్బోకి చెడ్డపేరు రావడానికి ఇదే కారణం, మలుపులో ఉండగా పెడల్ తొక్కితే ఏం రాదు, ఇంకొంచెం తొక్కుతారు, ఇంకా రాదు, మలుపు సగంలో ఒక్కసారి మొత్తం వచ్చి పడుద్ది, బరువంతా వెనకున్న కారు, కంగారుపడి పెడల్ వదిలితే వెనక భాగం జారిపోవడమే. ఇప్పటి టర్బోలు అంత మొండిగా ఉండవు, ట్విన్ స్క్రోల్ హౌసింగులు, బాల్ బేరింగులు, రెక్కలు తిరిగే టర్బైన్లు వచ్చాక బాగా తగ్గింది, కానీ పెద్ద టర్బో పెడితే ల్యాగ్ ఉంటుంది, దాన్ని ఎవరూ తప్పించలేరు.

సూపర్‌చార్జర్‌లో ఏ రకం

ఇక్కడే చాలామంది పొరబడతారు. సూపర్‌చార్జర్ అంటే కింద నుంచే పికప్ అని విన్నారు, వెళ్ళి సెంట్రిఫ్యూగల్ రకం కొనేసుకుంటారు, తర్వాత కింద ఏం లేదేంటి అని బాధపడతారు.

రూట్స్, ట్విన్ స్క్రూ రెండూ ప్రతి చుట్టుకీ ఇంత గాలి అని లెక్కగా తోస్తాయి, 2000 ఆర్పీఎం దగ్గర కూడా దాదాపు పూర్తి బూస్ట్ ఉంటుంది. వీటిలో ట్విన్ స్క్రూ గాలిని లోపలే నొక్కుద్ది కాబట్టి వేడి తక్కువ, రూట్స్ అయితే గాలిని ఇటు నుంచి అటు తీసుకెళ్ళి పడేస్తుందంతే, నొక్కుడు మానిఫోల్డ్‌లో జరుగుద్ది. ఈటన్ వాళ్ళ నాలుగు లోబులు మెలితిరిగిన కొత్త రూట్స్ మాత్రం పాతవాటి కంటే చాలా మెరుగు. సెంట్రిఫ్యూగల్ అంటే బెల్ట్‌తో తిరిగే టర్బో కంప్రెసర్ అనుకోండి, బూస్ట్ ఆర్పీఎంకి వర్గంలా పెరుగుద్ది, అంటే 7000 దగ్గర 8 పీఎస్ఐ ఇచ్చేది 3500 దగ్గర 2 పీఎస్ఐ మాత్రమే ఇస్తుంది. ఇది లోపమేం కాదు. ట్రాక్ మీద ఎప్పుడూ పైనే తిప్పేవాళ్ళకి, వెనక చక్రాలు ఊరికే జారిపోకుండా పవర్ గీత గీసినట్టు పైకి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇంతకంటే బాగా కలిసొచ్చేది లేదు.

నా మాట ఏంటంటే, మెలికల రోడ్ల మీద సరదాకి నడిపే చిన్న తేలిక కారు అయితే రూట్స్ గానీ ట్విన్ స్క్రూ గానీ 6, 7 పీఎస్ఐ దగ్గర పెట్టుకుని హాయిగా ఉండండి. 8000 వరకూ తిరిగే ఇంజిన్, దాని గుణం పాడవకూడదు అనుకుంటే సెంట్రిఫ్యూగల్. ఒరిజినల్ పవర్‌కి రెట్టింపు కావాలి, తర్వాత ఇంకా పెంచుతానేమో అనుకుంటే టర్బో, ఇంకో ఆలోచన అక్కర్లేదు. ఎత్తైన కొండ ప్రాంతాల్లో ఎక్కువ తిరిగేవాళ్ళకి కూడా టర్బోనే, పైకి వెళ్ళేకొద్దీ గాలి పల్చబడుద్ది, సూపర్‌చార్జర్ పుల్లీ లెక్క మారదు కాబట్టి దాని పవర్ పడిపోద్ది, టర్బో మాత్రం ఇంకొంచెం వేగంగా తిరిగి చాలావరకు సర్దేసుకుంటుంది. 1918లో అమెరికన్ ఇంజినీర్ శాన్‌ఫర్డ్ మాస్ విమానం ఇంజిన్‌కి టర్బో పెట్టి పైక్స్ పీక్ కొండ మీదకి, 14,000 అడుగుల ఎత్తుకి, లారీ మీద తీసుకెళ్ళి పరీక్షించింది ఇందుకే.

రెండూ కలిపి పెడితే అని అడుగుతారు. 1985 లాన్సియా డెల్టా ఎస్4లో పెట్టారు, కింద సూపర్‌చార్జర్, పైన టర్బో. ఫోక్స్‌వాగన్ కూడా 1.4 లీటర్ ఇంజిన్‌లో చేసింది. అది ఫ్యాక్టరీ వాళ్ళ పని, సొంతంగా చేస్కునేవాళ్ళకి రెట్టింపు పైపులు, రెట్టింపు తలనొప్పి, వదిలేయండి. ఇంకో సరదా విషయం, ఆడి కార్ల వెనక 3.0టి అని రాసుండేది, అందరూ టర్బో అనుకునేవాళ్ళు, ఏళ్ళ తరబడి ఆ వీ6 మీద ఉన్నది సూపర్‌చార్జర్.

ఇంజిన్‌ని ముందు అడగండి

కిట్ ఆర్డర్ చేసే ముందే కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోంచి గాలి ఎంత కారిపోతుందో చూసేది) చేయించండి. సిలిండర్ల మధ్య కంప్రెషన్‌లో 10 శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే ఆగిపోండి. నీళ్ళు తగ్గుతున్నాయా, ఆయిల్ తింటుందా, పొగ ఏ రంగులో వస్తుంది, ఇవన్నీ ఇప్పుడే చూస్కోవాలి, ఎందుకంటే బూస్ట్ కొత్త రోగం తేదు, ఉన్న రోగాన్ని బయటపెడుద్ది.

తర్వాత కంప్రెషన్ రేషియో, అంటే పిస్టన్ సిలిండర్‌లోని మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుద్దో ఆ లెక్క. ఫ్యాక్టరీ టర్బో ఇంజిన్లు మొదట్నుంచీ తక్కువతోనే వచ్చేవి, ఆ పాత 911 టర్బోలో 6.5, టొయోటా సుప్రాలోని 2జేజెడ్ అయితే మామూలు వెర్షన్‌లో 10, టర్బో వెర్షన్‌లో 8.5. ఇప్పటి డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లు 10 పైన కూడా బూస్ట్ తట్టుకుంటాయి, పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో చిమ్మడం వల్ల గాలి చల్లబడుద్ది కాబట్టి. మీది హోండా ఎస్2000 లాంటి 11 దాటిన ఇంజిన్ అయితే మంచి ఆక్టేన్ పెట్రోల్‌తో 6 నుంచి 8 పీఎస్ఐ దగ్గర ఆగిపోవడం తెలివైన పని. దాని పైకి వెళ్ళాలంటే ఫోర్జ్‌డ్ పిస్టన్లు, రాడ్లు, రింగుల గ్యాప్ పెంచడం, అంటే ఇంజిన్ విప్పడమే.

గుర్తుంచుకోండి, రాడ్లని వంచేది హార్స్‌పవర్ కాదు టార్క్. అదే 250 హార్స్‌పవర్, సెంట్రిఫ్యూగల్‌తో 7000 దగ్గర వస్తే రాడ్ల మీద పడే దెబ్బ వేరు, చిన్న టర్బోతో 3000 దగ్గరే టార్క్ మొత్తం వచ్చి పడితే ఆ దెబ్బ వేరు. గేర్‌బాక్స్, క్లచ్ ప్లేట్ కూడా అంతే. 2015లో ఫెరారీ 488కి టర్బోలు పెట్టినప్పుడు కింది గేర్లలో టార్క్‌ని కావాలనే కోసేసి, పూర్తి టార్క్ ఆఖరి గేర్‌లో మాత్రమే ఇచ్చారు. వాళ్ళకి ఉన్న కారణం నడిపేటప్పుడు పాత ఇంజిన్‌లా అనిపించాలని, మనకైతే గేర్‌బాక్స్ బతకాలని, కానీ బూస్ట్‌ని గేర్‌ని బట్టి తగ్గించుకునే ఆ ఉపాయం ఇప్పుడు మంచి ఇసియు (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ఉన్న ఎవరైనా వాడుకోవచ్చు.

సైజు లెక్క

నిమిషానికి ఒక పౌండు గాలికి సుమారు 10 హార్స్‌పవర్, ఇది మోటు లెక్కే గానీ బాగా పనికొస్తుంది. 220 హార్స్‌పవర్ కావాలంటే నిమిషానికి 22 పౌండ్లు. టర్బో తయారుచేసేవాళ్ళు ఇచ్చే కంప్రెసర్ మ్యాప్ తీసి, అడ్డంగా ఈ 22 దగ్గర, నిలువుగా ప్రెషర్ రేషియో దగ్గర చుక్క పెట్టండి, మధ్యలో ఉండే దీవి లాంటి గీతల్లో ఆ చుక్క పడాలి. ఎడమ గీత దాటితే సర్జ్, అంటే గాలి వెనక్కి కొట్టి చక్రం ఊగిపోద్ది, కుడి అంచుకి పోతే గాలి కాదు వేడే వస్తుంది. పెద్దది కొంటే ముందు ముందు పనికొస్తుందిలే అని మాత్రం కొనొద్దు, ఆ ముందు ముందు ఎప్పటికీ రాదు, ఈలోపు 4500 దాకా ఏం కదలని కారు నడుపుతూ ఉంటారు. నేను చేసిన మొదటి తప్పు అదే, రెండేళ్ళు నడిపి చివరికి చిన్న టర్బోకి మార్చుకున్నా, డైనో (పవర్ కొలిచే మిషన్) మీద పవర్ తగ్గింది, రోడ్డు మీద కారు వేగంగా వెళ్ళింది.

సూపర్‌చార్జర్‌కి సైజు లెక్క పుల్లీతో. క్రాంక్ పుల్లీ 150 మిల్లీమీటర్లు, బ్లోయర్ పుల్లీ 75 అనుకోండి, ఇంజిన్ 7000 తిరిగితే బ్లోయర్ 14,000. ఆ 75 తీసి 65 పెడితే 16,000 దాటిపోద్ది. బూస్ట్ పెరుగుద్ది, నిజమే, కానీ ఆ బ్లోయర్ గరిష్ఠ వేగం ఎంతో తయారీదారు కాగితంలో చూడకుండా పుల్లీ మార్చితే బేరింగులు, రోటర్ల పూత పోద్ది, పైగా చిన్న పుల్లీ మీద బెల్ట్ పట్టు తక్కువ, పైన జారుద్ది. బూస్ట్ 5500 దాకా ఎక్కి అక్కడ్నుంచి కిందకి వంగిందంటే ముందు బెల్ట్‌నే అనుమానించండి.

పెట్రోల్ సంగతి

గాలి పెంచారు, పెట్రోల్ పెంచకపోతే మిశ్రమం పల్చనై పిస్టన్ కరిగిపోద్ది. బూస్ట్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి 0.6 పౌండ్ల పెట్రోల్ లెక్కేస్తారు. 220 హార్స్‌పవర్‌కి 132 పౌండ్లు, నాలుగు సిలిండర్లకి పంచితే 33, ఇంజెక్టర్ 80 శాతం కంటే ఎక్కువసేపు తెరిచి ఉంచకూడదు కాబట్టి 33ని 0.8తో భాగిస్తే 41 పౌండ్లు, అంటే నిమిషానికి 430 సీసీ చిల్లర. ఇంకొంచెం పెద్దదే కొనండి. పంపు కూడా చూడాలి, మామూలు పోర్ట్ ఇంజెక్షన్‌లో మానిఫోల్డ్‌లో 7 పీఎస్ఐ ఉంటే ఇంజెక్టర్లకి పెట్రోల్ అందించే రైల్‌లో ప్రెషర్ కూడా 7 పెరగాలి, ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు పోసేది తగ్గుద్ది, పాత పంపు ఐడిల్‌లో బాగానే ఉండి ఫుల్ లోడ్‌లో చేతులెత్తేస్తుంది.

మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచే ఒరిజినల్ మ్యాప్ సెన్సర్ 1 బార్‌ది అయితే బూస్ట్ అసలు కనపడదు, 2 బార్ గానీ 3 బార్ గానీ పెట్టాలి. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి, గ్యాప్ 1.1 నుంచి 0.7 మిల్లీమీటర్ల దాకా తగ్గించాలి, లేకపోతే ఒత్తిడికి స్పార్క్ ఆరిపోయి ఇంజిన్ తడబడుద్ది, దాన్ని చూసి కాయిల్స్ మార్చేవాళ్ళని చాలామందిని చూశా.

పిసివి వాల్వు ఒకటుంటుంది, క్రాంక్‌కేస్ ఆవిరిని మానిఫోల్డ్‌లోకి లాగేది. దాని గురించి కిట్ పుస్తకంలో రెండు లైన్లే ఉంటాయి, నేను చదవలేదు. బూస్ట్ రాగానే అది వెనక్కి తెరుచుకుని క్రాంక్‌కేస్‌లోకి గాలి కొట్టింది, డిప్‌స్టిక్ ఎగిరొచ్చింది, వాల్వ్ కవర్ చుట్టూ ఆయిల్, వేడి మానిఫోల్డ్ మీద పడి పొగ, నేనేమో ఇంజిన్ పోయిందనుకుని రోడ్డు పక్కన కూర్చున్నా. ఒక చిన్న చెక్ వాల్వుతో పోయేది. పెట్టండి, ఆయిల్ క్యాచ్ క్యాన్ కూడా పెట్టండి.

బిగించేటప్పుడు

టర్బోలో నూటికి తొంభై పాళ్ళు జాగ్రత్త ఆయిల్ లైన్ల దగ్గరే. లోపలికి వచ్చే లైన్ సన్నం, బాల్ బేరింగ్ అయితే చాలావరకు రెస్ట్రిక్టర్ (ఆయిల్ ఎక్కువ రాకుండా ఆపే సన్న రంధ్రం) కావాలి. బయటికి పోయే లైన్ లావుగా, ఎక్కడా పైకి వంపు తిరక్కుండా నేరుగా కిందకి దిగాలి, ఆయిల్ చాంబర్‌లో ఆయిల్ మట్టం కంటే పైన కలవాలి, ఎందుకంటే టర్బో లోంచి వచ్చే ఆయిల్ నురగలా ఉంటుంది, దాన్ని తోసే ప్రెషర్ ఏం లేదు, బరువుతో జారాల్సిందే. ఈ లైన్ సరిగ్గా లేకపోతే ఆయిల్ సీళ్ళు దాటి ఎగ్జాస్ట్‌లోకి వచ్చి నీలం పొగ, అందరూ టర్బో పోయిందంటారు, కొత్తది కొంటారు, అదీ పొగ కొడుద్ది.

ఎగ్జాస్ట్ గ్యాస్ ఫుల్ లోడ్‌లో 900 డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటుంది. మానిఫోల్డ్ ఎర్రగా కాలుద్ది. దగ్గర్లో ఉన్న బ్రేక్ పైపులు, వైర్లు, ప్లాస్టిక్ ట్యాంకులు అన్నిటికీ హీట్ షీల్డ్ కట్టండి. టర్బో నుంచి పొగని బయటికి తీసుకెళ్ళే డౌన్‌పైప్ ఎంత లావుంటే అంత మంచిది, 3 అంగుళాలు సరిపోద్ది. వేస్ట్‌గేట్, అంటే ఎక్కువైన పొగని టర్బైన్‌కి తగలకుండా పక్కకి వదిలే వాల్వు, చిన్నదైతే బూస్ట్ ఆగకుండా పాకుతూ పైకి పోద్ది, దాన్ని కంట్రోలర్‌తో ఆపలేరు, కాబట్టి మొదట వేస్ట్‌గేట్ స్ప్రింగ్ ఎంతిస్తుందో అంత తక్కువ బూస్ట్‌తోనే మొదలెట్టండి. నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ని కారు ముందు భాగంలో, గాలి తగిలే చోటే పెట్టాలి, పైపులు పొట్టిగా, అంచులకి ఉబ్బు ఉండేలా చూడండి, నున్నటి పైపు మీద సిలికాన్ గొట్టం క్లాంప్ ఎంత బిగించినా ఊడిపోద్ది.

సూపర్‌చార్జర్ బిగించడం దీనితో పోలిస్తే శుభ్రంగా ఉంటుంది, ఎగ్జాస్ట్ జోలికి వెళ్ళక్కర్లేదు, చాలా కిట్లు రెండు రోజుల్లో అయిపోతాయి. అక్కడ పట్టుకోవాల్సింది పుల్లీల వరస, ఒక మిల్లీమీటర్ తేడా ఉన్నా బెల్ట్ పక్కకి నడిచి దారాలు లేచిపోతాయి, స్కేల్ పెట్టి చూడండి. బ్రాకెట్ వంగకూడదు. ఆయిల్ సొంతమా ఇంజిన్‌దా చూస్కోండి, రోట్రెక్స్ కంపెనీ సూపర్‌చార్జర్ల లాంటి వాటికి వాళ్ళ ప్రత్యేక ద్రవమే పోయాలి, ఇంజిన్ ఆయిల్ పోస్తే పాడైపోద్ది. మానిఫోల్డ్ మీద కూర్చునే రూట్స్, ట్విన్ స్క్రూ అయితే కింద వాటర్ ఇంటర్‌కూలర్ ఉంటుంది, దానికి వేరే పంపు, ముందు వేరే చిన్న రేడియేటర్. ఈ పంపు ఆగిపోతే తెలీదు, గాలి వేడెక్కుతూనే ఉంటుంది, అందుకని ఇన్‌టేక్ టెంపరేచర్ గేజ్ ఒకటి కళ్ళ ముందు పెట్టుకోండి. వరసగా నాలుగైదు ల్యాపులు గట్టిగా కొడితే ఇలాంటి కార్లలో గాలి బాగా వేడెక్కి ఇసియు స్పార్క్ ఇచ్చే టైమింగ్‌ని వెనక్కి లాగేసి పవర్ పడిపోవడం మామూలే. సీదా రోడ్డు మీద పది సెకన్ల సరదాకి ఇది పట్టదు, ట్రాక్‌లో ఇదే పెద్ద సమస్య.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు

టర్బో అయితే ఇంజెక్టర్లు, కాయిల్స్ కనెక్టర్లు పీకేసి ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో తిప్పండి, పది సెకన్లు తిప్పడం, ఆపడం, మళ్ళీ తిప్పడం. పొడి బేరింగ్‌తో షాఫ్ట్ తిరిగితే మొదటి నిమిషంలోనే కథ ముగుస్తుంది. తర్వాత స్టార్ట్ చేసి ఐడిల్‌లో అన్ని లీకులూ చూడండి. ఇన్‌టేక్ పైపులకి బయట నుంచి కంప్రెసర్ గాలి 10 పీఎస్ఐ ఎక్కించి సబ్బు నీళ్ళు పూస్తే బుడగలు ఎక్కడొస్తే అక్కడ లీకు.

ట్యూన్ (ఇసియులో పెట్రోల్, టైమింగ్ లెక్కలు సరిచేయడం) లేకుండా బూస్ట్‌లోకి వెళ్ళొద్దు, ఒక్కసారి చూద్దామని కూడా. గాలి, పెట్రోల్ ఏ పాళ్ళలో కాలుతున్నాయో చూపించే వైడ్‌బ్యాండ్ సెన్సర్ తప్పనిసరి. పెట్రోల్‌తో బూస్ట్‌లో గాలి పెట్రోల్ నిష్పత్తి 11.5 నుంచి 12 మధ్య ఉండాలి, 13 దాటి పల్చనవుతుంటే వెంటనే కాలు తీసేయండి. టైమింగ్ మొదట బాగా వెనక్కి పెట్టి, ఒక్కో డిగ్రీ ముందుకి తెస్తూ టార్క్ పెరగడం ఆగిన చోట ఆగాలి, చెవులకి హెడ్‌ఫోన్లతో నాక్ వింటూ చేసే ట్యూనర్ దొరికితే అతన్ని వదలొద్దు. ఒకతను నా కారుకి వేరే కారు మ్యాప్ (దాని ఇసియు లెక్కల పట్టిక) ఎక్కించి డైనో కాగితం మీద పెద్ద అంకె చూపించాడు, అప్పుడు సంతోషపడ్డా, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు ఆరు వారాల్లో హెడ్ గాస్కెట్ పోయింది. డైనో మీద ఎనిమిది సెకన్ల పరుగు వేరు, ఎండాకాలం మధ్యాహ్నం నాలుగో గేర్‌లో పొడుగాటి ఎత్తు ఎక్కడం వేరు, కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు తక్కువే ఉంచమనండి.

పొల్యూషన్ నియమాలు, ఇన్సూరెన్స్ కాగితాలు మీ దగ్గర ఎలా ఉన్నాయో కిట్ కొనకముందే కనుక్కోండి, కొన్ని చోట్ల క్యాటలిటిక్ కన్వర్టర్ కదిపితేనే నేరం.

తర్వాత రోజుల్లో

ఆయిల్ పూర్తిగా వేడెక్కేదాకా బూస్ట్‌లోకి వెళ్ళొద్దు, ఇంజిన్ నీళ్ళ టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చినా ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది, ఇంకో ఐదారు నిమిషాలు ఆగండి. గట్టిగా నడిపాక చివరి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా రండి, ఆ తర్వాత ఒక నిమిషం ఐడిల్ చాలు, ఎర్రగా ఉన్న టర్బోని టక్కున ఆపేస్తే బేరింగ్‌లో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుద్ది. మంచి సింథటిక్ ఆయిల్ వాడి, కంపెనీ చెప్పిన దూరంలో సగానికే మార్చేయండి. తక్కువ ఆర్పీఎంలో పెద్ద గేర్ వేసి ఫుల్‌గా తొక్కడం డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లకి విషం, ఒక గేర్ దించి తొక్కండి.

సూపర్‌చార్జర్ కారులో బెల్ట్‌ని నెలకోసారి చూడండి, పగుళ్ళు, మెరుపు, అంచున దారాలు. బ్లోయర్ ముక్కు దగ్గర గలగల శబ్దం కొత్తగా వస్తే కప్లర్ (పుల్లీని రోటర్లతో కలిపే ముక్క) అరిగిందని, అది చిన్న ఖర్చే, వదిలేస్తే పెద్దదవుద్ది.

మొదటి 500 కిలోమీటర్లు అయ్యాక మానిఫోల్డ్ బోల్టులు, క్లాంపులు అన్నీ చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూడండి, వేడికి సాగి కనీసం రెండైనా వదులై ఉంటాయి. అప్పుడే ఆయిల్ మార్చి పాత ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పి వెలుతుర్లో చూడండి. నల్లటి మసి ఉంటే ఫర్వాలేదు. తళతళలాడే రేణువులు కనపడితే అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే బేరింగ్ షెల్ గానీ పిస్టన్ గానీ, రెండిట్లో ఏదైనా సరే కారు మళ్ళీ స్టార్ట్ చేయకండి, ఆయిల్ చాంబర్ దించండి.